సగం సగం కిరీటం: 1997లో మిషిగన్‌దా, నెబ్రాస్కాదా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేనుండేది మిషిగన్ రాష్ట్రంలో. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత పక్షపాతం చూపించానని ఎవరూ అనుకోనక్కర్లేదు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి ఎక్కడ మాట మొదలైనా నాలుగో నిమిషానికి 1997 సీజన్ దగ్గరికి వచ్చి ఆగుతుంది. కొత్తగా ఈ దేశానికి వచ్చినవాళ్లూ, పిల్లల్ని ఇక్కడి కాలేజీల్లో చేర్చినవాళ్లూ ఆ కబుర్లు విని అడిగే ప్రశ్నలకు నాకు తోచిన జవాబులు ఇవి.

అసలు గొడవ ఏమిటి?

1997 సీజన్‌లో రెండు జట్లు ఒక్క ఆటా ఓడిపోలేదు. మిషిగన్ 12 ఆటలు ఆడి పన్నెండూ గెలిచింది. నెబ్రాస్కా 13 ఆడి పదమూడూ గెలిచింది. రెండూ ఒకదానితో ఒకటి తలపడలేదు. సీజన్ ముగిశాక పత్రికా విలేఖరులు ఓటేసి మిషిగన్‌ను ఛాంపియన్ అన్నారు, కోచ్‌లు ఓటేసి నెబ్రాస్కాను ఛాంపియన్ అన్నారు. రెండు విశ్వవిద్యాలయాలూ జాతీయ ఛాంపియన్ ఉంగరాలు చేయించుకున్నాయి. ఇన్నేళ్లయినా రెండు ఊళ్లలోనూ ఎవరూ తమ సగాన్ని సగం అని ఒప్పుకోరు.

ఒక్క ఆట ఆడి తేల్చుకుంటే పోయేది కదా?

పోయేదే. కానీ ఒప్పందాలు అడ్డొచ్చాయి. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అత్యున్నత విభాగంలో అప్పటికి నాకౌట్ పోటీ లేదు. జట్లు ప్రాంతాల వారీగా ‘కాన్ఫరెన్స్’ అనే గుంపుల్లో ఆడేవి. సీజన్ చివర, కొత్త సంవత్సరం రోజుల్లో, ‘బౌల్’ ఆటలు జరిగేవి. ఏ బౌల్‌కు ఏ కాన్ఫరెన్స్ విజేత వెళ్లాలో ముందే రాసుకున్న ఒడంబడికలు ఉండేవి. మిషిగన్ ఉన్న బిగ్ టెన్ విజేత కాలిఫోర్నియాలోని పాసడీనాలో రోజ్ బౌల్ ఆడాలి, ఎదుట పసిఫిక్ తీరపు కాన్ఫరెన్స్ విజేత ఉండాలి. మొదటి రెండు ర్యాంకుల జట్లను కలపడానికి 1995లో ‘బౌల్ అలయన్స్’ అని ఒక ఏర్పాటు వచ్చింది కానీ, ఈ రెండు కాన్ఫరెన్స్‌లూ రోజ్ బౌల్‌ను వదులుకోలేక అందులో చేరలేదు.

అందువల్ల 1998 జనవరి 1న మిషిగన్ రోజ్ బౌల్‌లో వాషింగ్టన్ స్టేట్‌తో ఆడి 21-16తో గెలిచింది. మర్నాడు మయామిలో నెబ్రాస్కా ఆరెంజ్ బౌల్‌లో టెనెసీని 42-17తో చిత్తు చేసింది. ఒకే పెళ్లికి రెండు ముహూర్తాలు పెట్టి, వేర్వేరు ఊళ్లలో పందిళ్లు వేసినట్టయింది.

మరి ఛాంపియన్‌ను నిర్ణయించేది ఎవరు? క్రీడా సంఘం లేదా?

ఉంది. ఎన్‌సీఏఏ అనే ఆ సంఘం మిగతా ఆటల్లో ఛాంపియన్‌షిప్ పోటీలు నడుపుతుంది. కానీ ఫుట్‌బాల్ అత్యున్నత విభాగంలో మాత్రం తన పేరుతో కిరీటం ఇవ్వదు. ఎవరెవరు ఎవరిని ఛాంపియన్ అన్నారో పట్టిక వేసి ఊరుకుంటుంది. వింతగా ఉంటుంది కానీ నిజం.

ఆ ఖాళీని ఓటింగ్ నింపింది. 1936 నుంచి ఏపీ పోల్ ఉంది (ఆంధ్రప్రదేశ్ కాదు, అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ). ఇందులో విలేఖరులు ఓటేస్తారు. 1950లో కోచ్‌ల పోల్ మొదలైంది. ఓటరు తన జాబితాలో మొదటి జట్టుకు 25 పాయింట్లు, రెండోదానికి 24, అలా కిందికి ఇస్తూ పోతాడు. రెండు జాబితాల్లోనూ ఒకే జట్టు పైన ఉంటే గొడవ లేదు. వేరువేరు అయితే రెండు కిరీటాలు.

ఓట్ల తేడా ఎంత?

విలేఖరుల దగ్గర పెద్ద తేడానే. 70 ఓట్లలో మిషిగన్‌కు 51.5, నెబ్రాస్కాకు 18.5 మొదటి స్థానం ఓట్లు వచ్చాయి. ఆ సగం ఎవరిదని అడగకండి, తేల్చుకోలేక రెండు జట్లకూ పంచేసిన పెద్దమనిషి ఒకరున్నారు.

కోచ్‌ల దగ్గర మాత్రం వెంట్రుకవాసి. 62 మందిలో 32 మంది నెబ్రాస్కాకు, 30 మంది మిషిగన్‌కు మొదటి స్థానం ఇచ్చారు. పాయింట్లు 1,520, 1,516. ఇక్కడ కాస్త కాగితం, పెన్ను తీసుకోండి. నెబ్రాస్కాకు 32 మొదటి స్థానాలంటే 800 పాయింట్లు. మిగిలిన 30 మంది రెండో స్థానం ఇస్తే 720. మొత్తం సరిగ్గా 1,520. అంటే ఒక్క కోచ్ కూడా నెబ్రాస్కాను రెండుకన్నా కింద పెట్టలేదు. మిషిగన్‌కు ఇదే లెక్క కట్టండి: 750, 768, కలిపితే 1,518 రావాలి. వచ్చింది 1,516. అంటే ఎవరో ఒకరిద్దరు కోచ్‌లు అజేయంగా నిలిచిన మిషిగన్‌ను మూడో స్థానానికో, నాలుగో స్థానానికో నెట్టారు. ఎవరన్నది బయటికి రాలేదు, అప్పట్లో కోచ్‌ల ఓట్లు గుట్టుగా ఉండేవి.

ఈ లెక్క చూపించి మా వాళ్లు కుట్ర అంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఆ రెండు పాయింట్లూ తిరిగి ఇచ్చేసినా 1,520కి 1,518 అవుతుంది. అప్పుడూ ఓటమే.

మిషిగన్ పక్షం వాదన ఏమిటి?

మొదటిది, బౌల్ ఆటలకు ముందు రెండు పోల్స్‌లోనూ మొదటి స్థానం మిషిగన్‌దే. ఆ తర్వాత ఆడిన ఒక్క ఆటా గెలిచింది. గెలిచిన జట్టును కిందికి దింపడం ఏ న్యాయం?

రెండోది, రక్షణ. ఆ ఏడాది మిషిగన్ 12 ఆటల్లో ప్రత్యర్థులకు ఇచ్చింది మొత్తం 114 పాయింట్లు, ఆటకు తొమ్మిదిన్నర. ఇండియానాకు సున్నా, కొలరాడోకు 3, మిన్నెసోటాకు 3. నవంబరులో సొంత మైదానంలో ఆడుతున్న పెన్ స్టేట్‌ను 34-8తో కొట్టిన రోజు దేశం మొత్తం ఒక్కసారి తల తిప్పి చూసింది. ఆ రక్షణకు ప్రాణం ఛార్లెస్ ఉడ్‌సన్. ఒహాయో స్టేట్‌తో జరిగిన చివరి లీగ్ ఆటలో అతను పంట్‌ను (ప్రత్యర్థి దూరంగా తన్నిన బంతిని) అందుకుని 78 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ (బంతిని గోల్ గీత దాటించడం) చేశాడు, సొంత ఎండ్‌జోన్‌లో (గోల్ గీత వెనక స్థలంలో) ప్రత్యర్థి పాస్‌ను లాగేసుకున్నాడు, దాడిలోనూ దిగి 37 గజాల పాస్ పట్టాడు. ఒకే ఆటలో మూడు వేషాలు. ఆ డిసెంబరులో, ఏడాది ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకున్నాడు. ప్రధానంగా రక్షణలో ఆడే ఆటగాడికి ఆ ట్రోఫీ రావడం అదే మొదలు. రెండో స్థానంలో మిగిలినవాడు టెనెసీ ఆటగాడు పేటన్ మానింగ్.

మూడోది, మిషిగన్ ఏ ఆటనూ అదనపు సమయానికి తీసుకెళ్లలేదు, అద్భుతాల మీద ఆధారపడలేదు. అయితే అయొవాతో ఆటలో సగం సమయానికి 7-21తో వెనకబడి, చివరికి 28-24తో బయటపడిన సంగతి మా వాళ్లు ఈ వాదనలో ఎప్పుడూ చెప్పరు.

నెబ్రాస్కా పక్షం వాదన?

వాళ్లది దాడి. 13 ఆటల్లో 607 పాయింట్లు, ఆటకు సుమారు 47. ఓక్లహోమాపై 69-7. అయొవా స్టేట్‌పై 77-14. కాన్ఫరెన్స్ ఫైనల్లో టెక్సస్ ఎ అండ్ ఎంపై 54-15. ఆ ఫైనల్ ఆట మిషిగన్‌కు లేదు, ఎందుకంటే బిగ్ టెన్‌లో అప్పుడు ఫైనల్ లేదు. కాబట్టి ఒక ఆట ఎక్కువ ఆడి, ఎక్కువ గెలిచాం అంటారు. రెండో ర్యాంకులో ఉన్న వాషింగ్టన్‌ను (వాషింగ్టన్ స్టేట్ వేరే జట్టు) వాళ్ల సియాటిల్‌కే వెళ్లి 27-14తో ఓడించారు.

ఆరెంజ్ బౌల్ సంగతి వేరే చెప్పాలి. టెనెసీ క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపి, బంతి విసిరేవాడు) స్వయంగా పేటన్ మానింగ్, అదే అతని ఆఖరి కాలేజీ ఆట. నెబ్రాస్కా అతన్ని పట్టించుకోలేదు. బంతిని పట్టుకుని నేల మీదే పరిగెత్తింది. ఆమన్ గ్రీన్ ఒక్కడే 206 గజాలు పరిగెత్తాడు. మిషిగన్ తన బౌల్ ఆటను 5 పాయింట్లతో గట్టెక్కింది, మేం 25 పాయింట్లతో గెలిచాం అని నెబ్రాస్కా జట్టు సొంత ఊరు లింకన్‌లో ఇప్పటికీ చెబుతారు.

మిస్సోరిలో కాలితో తన్నిన బంతి కథ ఏమిటి?

ఇది లేకపోతే ఇంత చర్చే ఉండేది కాదు. 1997 నవంబరు 8, కొలంబియా, మిస్సోరి. మొదటి ర్యాంకు నెబ్రాస్కా 31-38తో వెనకబడి ఉంది. సమయం నిమిషం పైన రెండు సెకన్లు. టైమవుట్లు అయిపోయాయి. ఎలాగో మైదానం దాటి మిస్సోరి 12 గజాల గీత దాకా వచ్చారు. ఏడు సెకన్లు మిగిలాయి. క్వార్టర్‌బ్యాక్ స్కాట్ ఫ్రాస్ట్ గోల్ గీత దగ్గర ఉన్న షెవిన్ విగ్గిన్స్‌కు బంతి విసిరాడు. బంతి అతని చేతుల్లోంచి జారింది. విగ్గిన్స్ వెనక్కి పడిపోతూ, పడుతూనే, కాలితో బంతిని పైకి తన్నాడు. అది గాల్లో తేలి ఎండ్‌జోన్‌లోకి పోతుంటే మొదటి సంవత్సరం కుర్రాడు మ్యాట్ డేవిసన్ ముందుకు దూకి, గడ్డికి అంగుళాల ఎత్తులో చేతులు పెట్టి అందుకున్నాడు. గడియారం సున్నా. గెలిచామనుకుని మిస్సోరి అభిమానులు అప్పటికే మైదానంలోకి దిగిపోయారు. వాళ్లను తోలి, టచ్‌డౌన్ తర్వాత దక్కే అదనపు పాయింటు తన్ని, 38-38 చేసి, ఓవర్‌టైమ్‌లో నెబ్రాస్కా 45-38తో గెలిచింది.

గాల్లో ఉన్న బంతిని కావాలని తన్నడం నిబంధనలకు విరుద్ధం. రిఫరీలు అలా భావించలేదు, తప్పు పట్టలేదు. పడిపోతున్న మనిషి కాలికి ఉద్దేశం ఉందా లేదా అన్నది ఎవరు తేలుస్తారు?

సరిగ్గా అదే రోజు మిషిగన్ పెన్ స్టేట్‌ను చితక్కొట్టింది. మర్నాడు వచ్చిన ఏపీ జాబితాలో గెలిచిన నెబ్రాస్కా మొదటి స్థానం నుంచి మూడో స్థానానికి పడిపోయింది, మిషిగన్ పైకెక్కింది. ‘గెలిచిన జట్టును దింపడం ఏ న్యాయం’ అని జనవరిలో అడిగిన మా వాళ్లు నవంబరులో ఆ మాట అనలేదు. ఈ ఒక్క విషయంలో నెబ్రాస్కా వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది.

రోజ్ బౌల్ చివర రెండు సెకన్ల గొడవ కూడా ఉందట?

ఉంది. వాషింగ్టన్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ రయన్ లీఫ్ అర నిమిషంలోపు సమయం ఉండగా తన సొంత 7 గజాల గీత నుంచి మొదలుపెట్టి మిషిగన్ 26 గజాల గీత దాకా వచ్చేశాడు. గడియారంలో రెండు సెకన్లు ఉండగా దాన్ని ఆపడానికి బంతిని నేలకు కొట్టాడు. సమయం అయిపోయిందని రిఫరీలు ఆట ముగించారు. ఒక సెకను మిగలాల్సిందని వాషింగ్టన్ స్టేట్ వాళ్లు ఈనాటికీ అంటారు. మిగిలి ఉంటే ఎండ్‌జోన్‌లోకి ఒక విసురు విసిరేవారు. తగిలితే మిషిగన్‌కు సగం కిరీటం కూడా ఉండేది కాదు. మేం అద్భుతాల మీద ఆధారపడలేదనే వాదన గుర్తుంది కదా.

రిటైరవుతున్న కోచ్ మీద జాలితో ఓట్లు వేశారంటారు, నిజమా?

నెబ్రాస్కా కోచ్ టామ్ ఆస్బోర్న్ 25 ఏళ్లు ఆ జట్టును నడిపారు. 255 గెలుపులు, 49 ఓటములు, 3 డ్రాలు. 1997 డిసెంబరులో, బౌల్ ఆటకు కొన్ని వారాల ముందు, ఇక చాలించుకుంటున్నానని ప్రకటించారు. ఓటేసేవాళ్లు ఆయన తోటి కోచ్‌లు. ఆయనంటే వాళ్లకు గౌరవం.

దానికి ఒక పాత కథ కూడా తోడు. 1984 జనవరిలో ఆరెంజ్ బౌల్ చివరి నిమిషంలో ఆయన జట్టు మయామి జట్టు కన్నా 30-31తో వెనకబడి ఉంది. అదనపు పాయింటు తన్ని డ్రా చేసుకుంటే కిరీటం దాదాపు ఖాయం. ఆయన అలా చేయకుండా రెండు పాయింట్ల కోసం ప్రయత్నించి, విఫలమై, మయామికి కిరీటం వదిలేశారు. డ్రాతో ఛాంపియన్ అనిపించుకోవడానికి మనసొప్పని మనిషి. అలాంటి మనిషి ఆఖరి ఆటకు తోటివాళ్ల చెయ్యి కాస్త మొగ్గు చూపితే నాకు ఆశ్చర్యం లేదు. అయితే జాలి ఒక్కటే అని మాత్రం అనను. పదమూడుకు పదమూడు గెలిచిన జట్టుకు జాలి అవసరం లేదు.

ఇంకో సంగతి. ఆరెంజ్ బౌల్ ముగియగానే ఫ్రాస్ట్ మైకు ముందు నిలబడి కోచ్‌లకు నేరుగా విజ్ఞప్తి చేశాడు. మీ ఉద్యోగం ఈ ఒక్క ఆట మీదే ఆధారపడి ఉంటే ఎవరితో ఆడతారు, మిషిగన్‌తోనా, మాతోనా అని అడిగాడు. చాలామంది దీన్ని బతిమాలడం అన్నారు. నాకు మాత్రం అతను మహా తెలివైనవాడిగా కనిపిస్తాడు. ఎందుకో కింద చెబుతాను.

ఇద్దరూ ఆడిన ఉమ్మడి ప్రత్యర్థులను చూసి తేల్చలేమా?

చూద్దాం. కొలరాడోను మిషిగన్ 27-3తో, నెబ్రాస్కా 27-24తో ఓడించాయి. బేలర్‌ను మిషిగన్ 38-3తో, నెబ్రాస్కా 49-21తో. రెండు చోట్లా మిషిగన్‌దే మెరుగైన తేడా. కానీ మిషిగన్ ఈ రెండు జట్లనూ సెప్టెంబరులో సొంత మైదానంలో ఆడింది. కొలరాడో నెబ్రాస్కాతో ఆడింది నవంబరు చివర, తన ఊళ్లో. ఇది సాక్ష్యమే, తీర్పు కాదు.

ఇలా పంచుకోవడం ఇదే మొదలా?

కాదు. 1954, 1957, 1965, 1970, 1973, 1974, 1978, 1990, 1991లోనూ విలేఖరులు ఒక జట్టును, కోచ్‌లు ఇంకో జట్టును ఎన్నుకున్నారు. కొన్ని మరీ వింత. 1973లో కోచ్‌లు బౌల్ ఆటలకు ముందే ఓటేసి అలబామాను ఛాంపియన్ అనేశారు. ఆ తర్వాత షుగర్ బౌల్‌లో అలబామా 23-24తో నోటర్ డామ్ చేతిలో ఓడింది. పెళ్లయ్యాక జాతకాలు చూసుకున్నట్టు, మరుసటి ఏడాది నుంచి కోచ్‌ల ఆఖరి ఓటు బౌల్ ఆటల తర్వాతకు మారింది. 1978లో సదరన్ కాలిఫోర్నియా జట్టు అలబామాను బర్మింగ్‌హామ్‌లో 24-14తో ఓడించింది. అయినా విలేఖరులు అలబామానే మొదట పెట్టారు.

1990 మరీ ఘోరం. ఈ ఆటలో పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు ప్రయత్నాలే ఇస్తారు. మిస్సోరితో ఆటలో రిఫరీలు లెక్క తప్పి కొలరాడోకు అయిదో ప్రయత్నం ఇచ్చారు. ఆ అయిదో ప్రయత్నంలోనే చివరి టచ్‌డౌన్ చేసి కొలరాడో 33-31తో గెలిచింది. తర్వాత ఏపీ కిరీటం దానికే వచ్చింది. కోచ్‌ల కిరీటం జార్జియా టెక్‌కు ఒకే ఒక్క పాయింటు తేడాతో వెళ్లింది. ఆ ఆట జరిగింది కొలంబియా, మిస్సోరిలో, విగ్గిన్స్ బంతిని తన్నిన అదే మైదానంలో. ఆ ఊరివాళ్ల గ్రహచారం అలా ఉంది.

మన క్రికెట్‌లో ఇలాంటిది ఉందా?

2002 ఛాంపియన్స్ ట్రోఫీ గుర్తుకు తెచ్చుకోండి. కొలంబోలో భారత్, శ్రీలంక ఫైనల్ రెండు రోజులు వరసగా వానకు కొట్టుకుపోయి, ట్రోఫీ ఇద్దరికీ పంచారు. కానీ అక్కడ ఇద్దరూ మైదానంలోకి దిగారు, అడ్డుపడింది వాన. ఇక్కడ అడ్డుపడింది ఒప్పంద పత్రాలు. వాన మీద ఎవరికీ పాతికేళ్లు కోపం ఉండదు.

సరే, మీ ఓటు ఎవరికి?

మిషిగన్‌కు. కానీ ఆ రెండూ తలపడి ఉంటే నా డబ్బు నెబ్రాస్కా మీద పెట్టేవాణ్ణి.

ఇది విన్నవాళ్లు నన్ను రెండు నాలుకల మనిషి అంటారు. కాదు, ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ‘ఈ సీజన్‌లో ఎవరు ఎక్కువ సాధించారు’ అన్నది ఒకటి. ‘రేపు ఆడితే ఎవరు గెలుస్తారు’ అన్నది ఇంకొకటి. మొదటిదానికి నా జవాబు మిషిగన్: ఓడే స్థితి దాకా తక్కువసార్లు వెళ్లింది, ఉమ్మడి ప్రత్యర్థులపై మెరుగ్గా ఆడింది, ఆ రక్షణ వారం వారం నిలబడింది. రెండోదానికి జవాబు జనవరి నాటి నెబ్రాస్కా. ఆమన్ గ్రీన్‌ను నేల మీద ఆపడం మిషిగన్‌కైనా తేలిక కాదు, ఆ జట్టు పాసులు విసరకపోతే ఉడ్‌సన్ లాగేసుకునేది ఏమీ ఉండదు.

ఓటరు చేతికి కాగితం ఇచ్చినవాళ్లు ఈ రెంటిలో ఏ ప్రశ్న అడుగుతున్నారో ఎప్పుడూ చెప్పలేదు. ఫ్రాస్ట్ గొప్పతనం అక్కడే. మొదటి ప్రశ్నకు జవాబు రాయబోతున్న కోచ్‌ల చేత అతను రెండో ప్రశ్నకు జవాబు రాయించాడు.

తర్వాత ఈ పద్ధతి మారిందా?

మరుసటి సీజన్‌కే మారింది. 1998లో బీసీఎస్ అనే పద్ధతి వచ్చింది. రోజ్ బౌల్ కాన్ఫరెన్స్‌లు కూడా చేరాయి. పోల్స్‌ను, కంప్యూటర్ ర్యాంకులను కలిపి మొదటి రెండు జట్లకు ఫైనల్ పెట్టేవారు. అంతా బాగుందనుకుంటే 2003లో మళ్లీ పగిలింది. రెండు పోల్స్‌లోనూ మొదటి స్థానంలో ఉన్న సదరన్ కాలిఫోర్నియా జట్టును కంప్యూటర్ లెక్కలు మూడో స్థానానికి నెట్టాయి. కాన్ఫరెన్స్ ఫైనల్లో కాన్సస్ స్టేట్ చేతిలో 7-35తో ఓడిన ఓక్లహోమా ఫైనల్‌కు వెళ్లి 14-21తో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) చేతిలో ఓడింది. విలేఖరులు సదరన్ కాలిఫోర్నియాకే కిరీటం ఇచ్చారు. ఫైనల్ విజేతకే ఓటేస్తామని కోచ్‌లు ముందే ఒప్పుకున్నా ముగ్గురు మాట తప్పారు.

2014 నుంచి నాలుగు జట్ల ప్లేఆఫ్ వచ్చింది, 2024 నుంచి పన్నెండు జట్లు. ఇప్పుడు గొడవ కిరీటం గురించి కాదు, పన్నెండో స్థానం గురించి.

స్కాట్ ఫ్రాస్ట్ ఏమయ్యాడు?

కోచ్ అయ్యాడు. 2017లో అతని సెంట్రల్ ఫ్లోరిడా జట్టు 13 ఆటలూ గెలిచింది. ప్లేఆఫ్‌కు మాత్రం పిలుపు రాలేదు. ఆ విశ్వవిద్యాలయం తనను తానే జాతీయ ఛాంపియన్‌గా ప్రకటించుకుని ఊరేగింపు చేసింది. అలాంటి కథ ఒకే మనిషికి రెండుసార్లు తగలడం నాకు నవ్వు తెప్పిస్తుంది.

చివరికి ఆ రెండు జట్లూ ఎప్పుడైనా తలపడ్డాయా?

తలపడ్డాయి, ఎనిమిదేళ్లు ఆలస్యంగా. 2005 డిసెంబరు 28న సాన్ ఆంటోనియోలో, అలామో బౌల్‌లో. 1997 ఆటగాళ్లెవరూ అప్పటికి కాలేజీలో లేరు. ఆస్బోర్న్ రిటైరయ్యారు. మిషిగన్ కోచ్ లాయిడ్ కార్ మాత్రం ఇంకా ఉన్నారు. ఆ ఏడాది రెండూ మామూలు జట్లే. నెబ్రాస్కా 32-28తో గెలిచింది. లింకన్‌లో పెరిగిన నా సహోద్యోగి ఒకాయన ఇప్పటికీ ఆ స్కోరును 1997 ఖాతాలోనే వేసుకుంటాడు. 2011లో నెబ్రాస్కా బిగ్ టెన్‌లో చేరింది కాబట్టి ఇప్పుడు అప్పుడప్పుడూ ఆ రెండూ ఎదురుపడుతూనే ఉన్నాయి, ఆ వారమంతా ఆఫీసులో మేమిద్దరం వేరే బల్లల దగ్గర భోజనం చేస్తాం.